గుండె జబ్బులు: ఆపరేషన్‌తో చికిత్స ముగియదు



మన సొసైటీకి వైద్య సాయం కోరుతూ వచ్చేవారిలో గుండె జబ్బుల వారు ప్రతి ఏటా ఉంటారు. "స్టెంట్ వేయాలన్నారు", "వాల్వు మార్చాలట", "బాబు గుండెలో రంధ్రం ఉందన్నారు" అంటూ కాగితాల కట్టతో వస్తారు. ఆ కాగితాలు చూసి దాతలు మమ్మల్ని అడిగే ప్రశ్నలు కూడా దాదాపు ఒకటే. స్టెంట్ అంటే ఏమిటి? బైపాస్‌కూ దానికీ తేడా ఏమిటి? ప్రభుత్వ పథకం ఉండగా మన డబ్బు దేనికి? ఆపరేషన్ అయిపోయాక మళ్లీ సాయం ఎందుకు అడుగుతున్నారు?

ఈ సంచికలో ఆ ప్రశ్నలకు మాకు తెలిసినంతలో జవాబు చెప్పాలనుకున్నాం. ముందుగా మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి.

ఆటో నడుపుకునే ఒక సోదరుడికి గుండెపోటు వచ్చింది. సమయానికి ఆసుపత్రికి చేరాడు. ప్రభుత్వ పథకంలో స్టెంట్ వేశారు. పథకం కిందకు రాని ఖర్చులకు మనం సాయం చేశాం. ఆయన నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు, అందరం సంతోషించాం, లెక్క రాసుకుని ఫైలు మూసేశాం. అయిదు నెలల తరువాత ఆయనకు మళ్లీ గుండెపోటు వచ్చింది. విచారిస్తే తెలిసింది, రెండు నెలలుగా మందులు మానేశాడట. "నొప్పి లేదు కదా భాయ్, ఇంక మందులెందుకనుకున్నాను. మందుల కోసం ఊరికి పోతే ఆ రోజు ఆటో తిరగదు" అన్నాడు. అల్లాహ్ దయవల్ల ప్రాణం నిలిచింది. కానీ గుండె బలహీనపడింది. ఇప్పుడు ఆటో నడపలేడు.

ఆపరేషన్‌కు డబ్బిచ్చిన మేము ఆ తరువాత ఒక్కసారి కూడా ఆయన ఇంటికి వెళ్లి "మందులు వేసుకుంటున్నావా?" అని అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

గుండె చేసే పని

మన పిడికిలంత ఉండే గుండె నిమిషానికి సుమారు 70 సార్లు, రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. అందులో నాలుగు గదులు ఉంటాయి. కుడివైపు గదులు ఒళ్లంతా తిరిగి వచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతాయి. అక్కడ ప్రాణవాయువు నింపుకున్న రక్తం ఎడమవైపు గదులకు చేరి, మళ్లీ ఒళ్లంతటికీ వెళుతుంది. రక్తం వెనక్కి రాకుండా నాలుగు కవాటాలు, అంటే వాల్వులు, తలుపుల్లా పనిచేస్తాయి. గుండె కండరానికి కూడా రక్తం కావాలి కాబట్టి దాని పైభాగాన కరోనరీ ధమనులనే ప్రత్యేక రక్తనాళాలు ఉంటాయి. ఎప్పుడు కొట్టుకోవాలో చెప్పడానికి లోపల విద్యుత్ తీగల వంటి ఏర్పాటు ఉంది.

రక్తం కుడి గుండె నుంచి ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ గుండెకు చేరుతుందని 13వ శతాబ్దంలోనే రాసినవారు ఇబ్న్ అల్ నఫీస్. డమాస్కస్‌లో చదువుకుని కైరోలో స్థిరపడిన వైద్యుడాయన. 1288లో మరణించేముందు తన ఇంటినీ పుస్తకాలనూ కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి వక్ఫ్ చేశారని చరిత్రకారులు రాశారు. వైద్యం, దానం ఒకే మనిషిలో కలిసి ఉండడం మన చరిత్రలో కొత్త కాదు.

పైన చెప్పిన వాటిలో ఏది చెడినా గుండె జబ్బే. రక్తనాళం పూడితే ఒక జబ్బు, వాల్వు చెడితే ఒక జబ్బు, గోడలో రంధ్రం ఉంటే ఒకటి, కండరం నీరసిస్తే ఇంకొకటి, తీగల ఏర్పాటు దెబ్బతింటే మరొకటి. "హార్ట్ పేషెంట్" అనే ఒక్క మాటతో అందరినీ ఒకే గాటన కట్టలేం. చికిత్సలు వేరు, ఖర్చులు వేరు, మనం చేయవలసిన సాయం కూడా వేరు.

రక్తనాళాలు పూడిపోతే

ఏళ్ల తరబడి కరోనరీ ధమనుల లోపలి గోడలో కొవ్వు పేరుకుంటుంది. దారి సన్నబడుతుంది. కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. మెట్లెక్కినప్పుడో, బరువు మోసినప్పుడో గుండెకు ఎక్కువ రక్తం అవసరమై ఛాతీలో బిగపట్టినట్టు ఉంటుంది. ఆగితే తగ్గుతుంది. దీన్ని యాంజైనా అంటారు. ఇది హెచ్చరిక. ఈ దశలో డాక్టరు దగ్గరకు వెళ్లినవారు అదృష్టవంతులు.

ఒక్కోసారి ఆ కొవ్వు పొర చిట్లుతుంది. దాని మీద రక్తం గడ్డకట్టి నాళం పూర్తిగా మూసుకుపోతుంది. అదే గుండెపోటు. ఆ నాళం రక్తం అందించే కండరం నిమిషాల లెక్కన చచ్చిపోతూ ఉంటుంది. చచ్చిన కండరం మళ్లీ మామూలు కండరంగా మారదు. అందుకే గుండెపోటులో డబ్బు కన్నా ముందు సమయం కావాలి.

లక్షణాలు ఇవి: ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి, అది ఎడమ చేతికో, రెండు చేతులకో, దవడకో, వీపుకో పాకడం, చల్లని చెమట, ఆయాసం, వాంతి వచ్చినట్టుండడం. స్త్రీలలో, వృద్ధులలో, షుగర్ ఉన్నవారిలో నొప్పి స్పష్టంగా లేకుండా ఒట్టి ఆయాసం, విపరీతమైన నీరసం, కడుపు పైభాగంలో మంట మాత్రమే ఉండవచ్చు. మన ఇళ్లల్లో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే. "గ్యాస్" అనుకుని సోడా తాగించడం, జిందా తిలిస్మాత్ రాయడం, తెల్లవారనిద్దాం అని ఆగడం. ఇంట్లో ఆడవారికి వస్తే ఇంకా ఆలస్యం. వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక చెబుతారు.

ఇలాంటి లక్షణాలు పది పదిహేను నిమిషాలకు తగ్గకపోతే వెంటనే 108కు ఫోన్ చేయాలి. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లకూడదు. నడిపించకూడదు. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు ఉండి రక్తస్రావం అయినవారు కాకపోతే, డాక్టరు లేదా 108 సిబ్బంది చెప్పిన మీదట 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించవచ్చు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర మాత్రం బీపీ చూడకుండా ఇవ్వకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని ఫోన్లలో తిరిగే సందేశం నిజం కాదు. మనిషి స్పృహ తప్పి, శ్వాస ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతున నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.

ఇంజెక్షన్, స్టెంట్, బైపాస్

ఆసుపత్రిలో ముందుగా ఈసీజీ తీస్తారు. మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెపోటు లేదని కాదు, మళ్లీ తీస్తారు. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. నాళం పూర్తిగా మూసుకుపోయిందని తేలితే రెండు దారులున్నాయి.

ఒకటి, గడ్డను కరిగించే ఇంజెక్షన్. స్ట్రెప్టోకైనేజ్, టెనెక్టెప్లేస్ అలాంటివే. నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇవ్వాలి. మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తే ఫలితం ఎంతో ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే కార్యక్రమం 2023లో మొదలైంది. కాబట్టి "పెద్ద ఊరికే పోవాలి" అని మూడు గంటల ప్రయాణం పెట్టుకోకుండా, దగ్గరలో ఈసీజీ, ఈ ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి ముందు చేరాలి. ఆ తరువాత పెద్ద ఆసుపత్రికి వెళ్లవచ్చు.

రెండవది, యాంజియోప్లాస్టీ. చేతి మణికట్టు దగ్గరో తొడ దగ్గరో రక్తనాళంలోంచి సన్నని గొట్టాన్ని గుండె దాకా పంపి, రంగు మందుతో పూడిక ఎక్కడుందో చూడడం యాంజియోగ్రామ్. అదే దారిలో చిన్న బెలూన్ పంపి పూడికను వెడల్పు చేయడం యాంజియోప్లాస్టీ. మళ్లీ మూసుకుపోకుండా అక్కడ అమర్చే లోహపు జాలీ గొట్టమే స్టెంట్. బెలూన్ చికిత్సను తొలిసారి 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ చేశారు. 1990లలో డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం, హైదరాబాదు గుండె వైద్యులు డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ఖర్చులో కలాం-రాజు స్టెంట్‌ను రూపొందించారు. క్షిపణులు తయారుచేసిన చేతులు పేదవాడి గుండె గురించి కూడా ఆలోచించాయి. ఆ తరువాత చాలాకాలం మందుపూత స్టెంట్ల ధర లక్ష రూపాయలు దాటి ఉండేది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించి, మందుపూత స్టెంట్‌ను 29,600 రూపాయలకు తగ్గించింది. ఎవరైనా స్టెంట్ కోసమే లక్షలు అడుగుతున్నారని మన దగ్గరకు వస్తే బిల్లులో స్టెంట్ ధర వేరుగా చూడమని మేము చెప్పేది ఇందుకే.

పూడికలు ఎక్కువ చోట్ల ఉన్నప్పుడు, ఎడమవైపు ప్రధాన నాళంలో ఉన్నప్పుడు, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో, బైపాస్ ఆపరేషన్ మేలని డాక్టర్లు చెబుతారు. కాలిలోంచో, చేతిలోంచో, ఛాతీ లోపలి గోడ నుంచో రక్తనాళం తీసి పూడికను దాటించి అతుకుతారు. మూసుకుపోయిన రోడ్డు పక్కన కొత్త దారి వేయడం లాంటిది.

ఒక విషయం గమనించండి. స్టెంట్ గానీ బైపాస్ గానీ దారిని సరిచేస్తాయి, అంతే. కొవ్వు పేరుకునే జబ్బు ఒంట్లో అలాగే ఉంటుంది. పైగా కొత్తగా పెట్టిన స్టెంట్ మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవారు సాధారణంగా ఏడాది పాటు రక్తం పలచబడే మందులు రెండు, ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటిది, వాడాలి. కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర దీర్ఘకాలం వాడాలి. ఇవి నొప్పి మాత్రలు కావు, నొప్పి లేదని మానేయడానికి. మన ఆటో సోదరుడు మానేసినవి ఇవే.

గొంతు నొప్పితో మొదలై వాల్వు దాకా

గుండెపోటు గురించి అందరికీ కొంత తెలుసు. పేద ఇళ్లలో పిల్లలను, యువతులను పట్టి పీడించే జబ్బు ఇంకొకటి ఉంది. అది రుమాటిక్ గుండె జబ్బు.

అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా వల్ల గొంతు నొప్పి, జ్వరం వస్తాయి. చాలామందికి తగ్గిపోతుంది. కొందరిలో రెండు మూడు వారాల తరువాత మోకాళ్లు, చీలమండలు వాచి, నొప్పి ఒక కీలు నుంచి మరో కీలుకు మారుతూ ఉంటుంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థ బాక్టీరియా అనుకుని సొంత గుండె వాల్వుల మీద కూడా దాడి చేస్తుంది. కీళ్ల నొప్పి తగ్గిపోతుంది, వాల్వు మీద మచ్చ మిగులుతుంది. మళ్లీ మళ్లీ జ్వరం వస్తే వాల్వు బిగుసుకుపోతుంది. ఎక్కువగా దెబ్బతినేది మైట్రల్ వాల్వు. ఇరుకు గదుల్లో ఎక్కువమంది పడుకునే ఇళ్లలో ఈ గొంతు జబ్బు త్వరగా పాకుతుంది. మన బస్తీలు ఎలా ఉంటాయో మీకు తెలుసు.

ఈ జబ్బును అదుపులో ఉంచే మందు ఖరీదైనది కాదు. బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ మూడు నాలుగు వారాలకొకసారి, పెద్ద పిల్లలకు 12 లక్షల యూనిట్లు. పడుతుందో లేదో ముందు పరీక్షించి ఇస్తారు. వాల్వు దెబ్బతిన్నవారికి కనీసం పదేళ్లు, చాలామందికి 40 ఏళ్ల వయసు వచ్చేదాకా కొనసాగిస్తారు. ఇంజెక్షన్ నొప్పిగా ఉంటుంది. పిల్ల ఏడుస్తుంది. చూడడానికి ఆరోగ్యంగానే ఉంటుంది. తల్లి "ఈ నెల వద్దులే" అంటుంది. అలా మానేసిన నెలల్లోనే వాల్వు పాడవుతుంది.

ఈ జబ్బు చాలాసార్లు పెళ్లయ్యాక బయటపడుతుంది. గర్భంలో ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. సన్నబడిన వాల్వు గుండా అంత రక్తం పోలేదు. ఆరో నెలకే ఆయాసం, దగ్గు, పడుకోలేకపోవడం. ప్రాణాపాయం కూడా. "సంబంధం తప్పిపోతుంది" అని నికాహ్‌కు ముందు అమ్మాయి జబ్బు దాచిపెట్టే తల్లిదండ్రులకు మేము చేతులు జోడించి చెప్పేది ఒక్కటే. దాచిన జబ్బు కాన్పులో బయటపడుతుంది. ముందే చెప్పి, ముందే చికిత్స చేయిస్తే ఎంతోమంది స్త్రీలు క్షేమంగా తల్లులవుతున్నారు.

వాల్వు సన్నబడి, ఇంకా మెత్తగానే ఉంటే ఛాతీ కోయకుండా తొడ రక్తనాళంలోంచి బెలూన్ పంపి వెడల్పు చేస్తారు. మరీ చెడితే వాల్వు మారుస్తారు. లోహపు వాల్వు దశాబ్దాల పాటు పనిచేస్తుంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ మన దేశంలోనే తయారుచేసిన చిత్ర వాల్వును 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. జంతు కణజాలంతో చేసిన వాల్వులూ ఉన్నాయి, అవి సాధారణంగా 10, 15 ఏళ్లకు అరిగిపోతాయి.

లోహపు వాల్వు పెట్టినవారు జీవితాంతం ఎసిట్రోమ్ లేదా వార్ఫరిన్ వేసుకోవాలి. మోతాదు సరిపోయిందో లేదో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షతో తరచూ చూడాలి. మందు తక్కువైతే వాల్వు మీద గడ్డకడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం. ఆకుకూరలు ఒక వారం బాగా తిని ఒక వారం మానేసినా లెక్క మారిపోతుంది. గర్భం దాల్చాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి, ఈ మందుల వల్ల కడుపులో బిడ్డకు హాని ఉంటుంది. చూశారా, వాల్వు మార్చడం ఒక్క రోజు పని. ఆ వాల్వును కాపాడుకోవడం జీవితకాలపు పని.

పసిపిల్లల గుండెలో రంధ్రం

ప్రతి వెయ్యి మంది శిశువులలో సుమారు ఎనిమిది మంది ఏదో ఒక గుండె లోపంతో పుడతారు. గదుల మధ్య గోడలో రంధ్రం వీటిలో ఎక్కువ. చిన్న రంధ్రాలు కొన్ని వాటంతట అవే మూసుకుంటాయి. కొన్నింటిని కాలి రక్తనాళంలోంచి గొడుగు వంటి పరికరం పంపి మూస్తారు. మిగిలినవాటికి ఆపరేషన్ చేస్తారు.

పాలు తాగుతూ మధ్యమధ్యలో ఆగి ఆయాసపడడం, తలకు చెమట పట్టడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ నిమ్ము చేయడం, పెదవులు, గోళ్లు నీలంగా మారడం. వీటిలో ఏది కనిపించినా టూడీ ఎకో పరీక్ష చేయించాలి. నొప్పి ఉండదు, సూది ఉండదు. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, బడులలో పిల్లలను పరీక్షించి పెద్ద ఆసుపత్రులకు పంపుతారు.

"ఇంకొంచెం పెద్దయ్యాక చేయిద్దాం" అనే మాట ప్రమాదకరమైనది. పెద్ద రంధ్రం ఉంటే ఊపిరితిత్తులకు రక్తం ఒత్తిడితో పోతూ, కొన్నాళ్లకు అక్కడి నాళాలు గట్టిపడతాయి. ఆ దశ దాటితే రంధ్రం మూసినా ప్రయోజనం ఉండదు. మేనరికాలు, దగ్గరి బంధువుల పెళ్లిళ్లు ఉన్న కుటుంబాలలో ఈ లోపాల అవకాశం కొంత ఎక్కువ. ఇది మన ఇళ్లలోనూ ఉంది, తెలుగునాట ఇతరుల ఇళ్లలోనూ ఉంది. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అలాంటి కుటుంబాలు గర్భిణిగా ఉన్నప్పుడే స్కానింగ్‌లో బిడ్డ గుండెను ప్రత్యేకంగా చూపించుకోవాలి.

నీరసించిన గుండె, లయ తప్పిన గుండె

గుండెపోటు తరువాతో, ఏళ్ల తరబడి అదుపులేని బీపీ వల్లో గుండె కండరం నీరసిస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, రాత్రి లేచి కూర్చోవడం, పాదాల వాపు. దీన్ని హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. గుండె ఆగిపోయిందని దీని అర్థం కాదు, పని సరిపోవడం లేదని మాత్రమే. మంచి మందులున్నాయి. ఉప్పు బాగా తగ్గించాలి, రోజూ ఉదయం బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు, డాక్టరుకు చెప్పాలి.

గుండె మరీ నిదానంగా కొట్టుకుని కళ్లు తిరిగి పడిపోయేవారికి పేస్‌మేకర్ అమరుస్తారు. దాని బ్యాటరీ సుమారు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుంది. గుండె క్రమం లేకుండా కొట్టుకునేవారికి లోపల గడ్డ ఏర్పడి పక్షవాతం రావచ్చు కాబట్టి రక్తం పలచబడే మందు ఇస్తారు.

రాకుండా చూసుకోవడం

బీపీ 140/90 దాటితే నొప్పి ఉన్నా లేకున్నా చికిత్స కావాలి. షుగర్ ఉన్నవారు దాన్ని అదుపులో పెట్టుకోవాలి. రోజుకు మొత్తం ఉప్పు ఒక చెంచా, అంటే అయిదు గ్రాములు, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఊరగాయ, అప్పడం, బేకరీ బిస్కెట్లు కూడా ఆ చెంచాలోకే వస్తాయి. బీడీ, సిగరెట్, గుట్కా మానాలి. పొగ మానేసిన ఏడాదికే గుండె జబ్బు ముప్పు సగానికి తగ్గుతుంది. దావతులో బిర్యానీ తినవద్దని ఎవరూ అనరు. వారానికి నాలుగు దావతులయితేనే చిక్కు. కాచిన నూనెనే మళ్లీ మళ్లీ కాచి వేయించిన సమోసాలు, బజ్జీలు ఇఫ్తార్‌లో తగ్గించుకోవచ్చు. వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున వేగంగా నడవాలి. ఫజర్‌కు బండి వదిలి నడిచి వెళితే కొంత నడక అక్కడే అయిపోతుంది.

రంజాన్, గుండె మందులు

ప్రతి రంజాన్‌కూ మాకు భయం కలిగించే విషయం ఇది. ఉపవాసం కోసం కొందరు ఎవరికీ చెప్పకుండా మందులు ఆపేస్తారు. జబ్బు నిలకడగా ఉన్న చాలామంది డాక్టరు సలహాతో రోజాలు ఉండగలరు. రెండు పూటల మందులను సహరీ, ఇఫ్తార్‌లకు సర్దుతారు. మూడు పూటలవైతే మందు మారుస్తారు. నీరు పోయే మాత్ర సమయం మారుస్తారు. అయితే ఇటీవల గుండెపోటు వచ్చినవారు, ఆపరేషన్ అయినవారు, ఆయాసం తగ్గనివారు రోజా ఉండడం ప్రమాదం. వ్యాధిగ్రస్తులకు ధర్మమే మినహాయింపు ఇచ్చింది. షాబాన్ నెలలోనే డాక్టరును కలిసి మందుల వేళలు రాయించుకోవాలి. మన పెద్దలు, ఇమాములు జుమా రోజున ఈ మాట చెబితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

మన సాయం ఎక్కడ అవసరం?

ఇప్పుడు దాతల ప్రశ్నకు వద్దాం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి పేదలకు స్టెంట్, బైపాస్, వాల్వు, పిల్లల గుండె ఆపరేషన్లు పథకంలో జరుగుతున్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని పది లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు అది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. అర్హత ఉన్నవారికి ఆపరేషన్ ఖర్చు చాలావరకు అక్కడ తీరుతుంది. కాబట్టి దరఖాస్తు రాగానే మేము మొదట చేసేది చెక్కు రాయడం కాదు, కార్డు, ఆధార్ చూసి పథకం కౌంటరు దాకా తోడు వెళ్లడం.

కొన్ని చికిత్సలకు ఏడాది పాటు ఫాలో-అప్ మందులు కూడా పథకంలోనే ఇస్తారు. కానీ వాటికోసం మళ్లీ అదే ఆసుపత్రికి పోవాలి. రోగికీ, తోడు వచ్చినవారికీ బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి నష్టం. ఏడాది దాటాక ఆ మందులూ ఉండవు. జనరిక్ దుకాణంలో కొంటే చాలామంది గుండె రోగులకు నెల మందులు కొన్ని వందల రూపాయల్లో వస్తాయి. ఆ కొన్ని వందలు లేకనే, లేదా ఎవరూ గుర్తుచేయకనే, లక్షల విలువైన ఆపరేషన్ వృథా అవుతోంది.

ఆపరేషన్‌కు డబ్బివ్వడం దాతకు తృప్తిగా ఉంటుంది. ఫలానావారి ప్రాణం కాపాడాం అని చెప్పుకోవచ్చు. నెలకు నాలుగు మాత్రల పట్టీలు కొనివ్వడంలో అలాంటి తృప్తి కనిపించదు. రంజాన్‌లో జకాత్, సదఖా ఎక్కువగా వస్తాయి, బక్రీద్ దాటేసరికి తగ్గిపోతాయి. రోగికి మాత్రం సఫర్‌లోనూ మందు కావాలి, రజబ్‌లోనూ కావాలి.

అందుకే ఈ ఏడాది నుంచి మూడు పనులు మొదలుపెట్టాం. గుండె రోగుల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టి, పెన్సిలిన్ ఇంజెక్షన్ తేదీలు, ఐఎన్ఆర్ పరీక్ష తేదీలు, మందులు అయిపోయే తేదీలు రాస్తున్నాం. తేదీకి రెండు రోజుల ముందు మన వాలంటీరు ఫోన్ చేస్తాడు, ఎత్తకపోతే ఇంటికి వెళతాడు. ఫాలో-అప్‌కు వెళ్లేవారికి దారి ఖర్చు ఇస్తున్నాం. జుమా తరువాత బీపీ చూసే బల్ల వేస్తున్నాం. ఆటో సోదరుడు ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. బీపీ చూపించుకోవడానికి వచ్చినవారిని మొదట ఆయన అడిగే మాట, "మందులు వేసుకుంటున్నావా భాయ్?"

దాతలకు మా మనవి ఇదే. మీరు ఇవ్వదలచిన మొత్తంలో కొంత భాగం "ఒక రోగికి ఏడాది మందులు" అని రాసి ఇవ్వండి. ఒకేసారి ఇవ్వడం భారమైతే నెలనెలా ఇవ్వండి. డబ్బు ఇవ్వలేనివారు నెలకు రెండు ఇళ్లకు వెళ్లి మందుల డబ్బా చూసి రండి. డాక్టర్లు, ఫార్మసిస్టులు అయిన సోదరులు నెలకొక ఆదివారం మాకు ఇవ్వండి.

మీ సాయంతో లేచి నడిచినవారంతా మీకోసం దువా చేస్తున్నారు. వారు ఇంకా చాలా ఏళ్లు నడవాలంటే మన సాయం కూడా నెలనెలా నడుస్తూ ఉండాలి.